మామగారి ముక్కు మీద మోపిన బరువు

ఆ పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. మామగారికి డెబ్బయ్యో ఏడు పడింది కనుక, తన చేత్తో గీసిన ఆయన బొమ్మను కాఫీతోపాటు అందించాలి. అల్లుడు పత్రికలో వ్యంగ్య చిత్రకారుడు. మామగారు ముప్పై ఏళ్లు నిఘంటువు కార్యాలయంలో మాటల పుట్టుక తవ్విన మనిషి. బొమ్మలో, గదిలోకి ముందుగా ముక్కు వచ్చి, ఆ తర్వాత ఆయన వచ్చినట్టుంది.

"దీన్నేమంటారు?" అన్నారాయన.

"క్యారికేచర్ అంటారండీ, మామయ్యగారూ."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఏ మాటకైనా పుట్టుక చూడందే మామగారికి ముద్ద దిగదు. లావుపాటి నిఘంటువు దించి చూశారు. మూలం ఇటాలియన్ మాటట. బరువు ఎక్కించడమని అర్థమట. బండి మీద మితిమీరి సరుకెత్తడం లాంటిదట. తన ముఖం సరుకుల బండా అని అడిగి, జవాబు వినకుండానే చేతికర్ర తీసుకుని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం దాటినా రాలేదు. ఆయన ఫోను టేబుల్ మీదే ఉంది. గుండె మాత్రలూ దాని పక్కనే ఉన్నాయి. అల్లుడు మాత్రలు జేబులో వేసుకుని భార్యతో బయల్దేరాడు.

పోలీసు స్టేషన్లో ఫొటో అడిగారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, పాతికేళ్ల కిందటిది, తలనిండా జుట్టుతో. దాన్ని పట్టుకుని వెళ్లిన పోలీసులు గంటలో ఇద్దర్ని తెచ్చారు. ఒకాయన పళ్ల డాక్టరు. రెండో ఆయన అప్పుడే ఆ డాక్టరు ముందు నోరు తెరిచి కూర్చున్న మనిషి. ఇద్దరికీ జుట్టు బాగానే ఉంది.

"ఆ బొమ్మ ఇచ్చెయ్యండి," అంది భార్య.

"అది ఊరంతా చూస్తే మీ నాన్నగారు జన్మలో నాతో మాట్లాడరు."

"ముందు దొరకనివ్వండి. అలగడం తర్వాత."

బొమ్మ నకళ్లు తీసి వీధివీధికీ పంపారు. పది నిమిషాల్లో గ్రంథాలయం నుంచి ఫోనొచ్చింది. ఆయన పొద్దుటినుంచీ ఆ ఒక్క మాట కోసం ఏడు నిఘంటువులు తిరగేస్తూ అక్కడే ఉన్నారు.

స్టేషనుకు తీసుకొచ్చాక, అల్లుడు మాత్ర ఆయన చేతిలో పెట్టాడు. ఎస్సై బొమ్మను ముందుంచి, అందులో ఉన్నది తానేనని ఆయన రాసి సంతకం చేస్తేనే ఇంటికి పంపుతానన్నాడు. మామగారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఉన్నదాని మీదే బరువెక్కించాలటోయ్, లేనిది తెచ్చి పెట్టకూడదట," అన్నారు అల్లుడితో, గంభీరంగా. "ఏడూ అదే చెప్పాయి."

బొమ్మ తనదేనని రాశారు. ఎడమ చెవి మీద బరువు చాలలేదని కింద మరో వాక్యం చేర్చి, సంతకం పెట్టారు.