స్పీకరుకి వచ్చిన ఉద్యోగం

మీరే. బీమా కంపెనీ పదిహేడో అంతస్తులో కూర్చుని, మనిషి ముఖం చూడకుండానే మనిషిని ఎంచుకోవచ్చని తేల్చేసిన దొరలు. ఈ ఫిర్యాదు మీ మీదే. చేసిందంతా చేసి ఇప్పుడు తెలియదంటే కుదరదు, వినండి.

ఇంచియన్ నగరంలో ఆ మంగళవారం పొద్దున సోరిన్ అన్నీ సక్రమంగానే అమర్చుకుంది. పైన నల్ల కోటు, కింద రాత్రి వేసుకున్న పైజామా, వెనక గోడకి తెల్ల దుప్పటి. పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే మీ యంత్రమే ప్రశ్నలడుగుతుంది, ముఖమూ గొంతూ కొలిచి మార్కులేస్తుంది. ఆపినా, లేచినా అంతే సంగతులు. ఇరవై తొమ్మిదేళ్ళ సోరిన్‌కి ఇది నలభై రెండో ఇంటర్వ్యూ. ఇదీ పోతే సోమవారం బస్సెక్కి గున్సన్‌లో మేనత్త ఎండుచేపల కొట్లో కూర్చోవాలని తండ్రి చెప్పేశాడు.

భయమల్లా ఇంటి పైకప్పులో ఉన్న స్పీకరు గురించే. అపార్టుమెంటు ఆఫీసు ఏం చెప్పినా అది ప్రతి ఇంట్లో మోగుతుంది. ఆపడానికి స్విచ్చి ఉండదు. అందుకే తల్లి మల్‌సన్ తొమ్మిదిన్నరకే మేనేజరు ప్యోన్ దగ్గరికి పరుగెత్తింది.

"ప్యోన్ గారూ, పదింటికి మా పిల్లకి ఇంటర్వ్యూ. గంటసేపు చప్పుడు లేకుండా చూడాలి."

"మీరు నిశ్చింతగా వెళ్ళండి, సోరిన్ వాళ్ళమ్మగారూ. చీమ చిటుక్కుమంటే నన్నడగండి."

ఆయన మాట తప్పే మనిషి కాదు. అదే కొంప ముంచింది.

మూడో ప్రశ్న తెర మీదికి వచ్చింది. "తోటి ఉద్యోగుల మధ్య గొడవ వస్తే మీరేం చేస్తారు? అరవై సెకన్లు." సోరిన్ నోరు తెరిచింది. పైన స్పీకరు గొంతు సవరించుకుంది.

"నివాసులకు మనవి. తొమ్మిది వందల మూడులో ఇంటర్వ్యూ జరుగుతున్నది. పై అంతస్తువారు మెల్లగా నడవండి. కింది అంతస్తువారు కోపం తెచ్చుకోకండి. ఒకరి ఇబ్బంది ఒకరు చూసుకుంటే గొడవే ఉండదు."

సోరిన్ పెదాలు కదిలాయి. ఏం చెప్పిందో ఆమెకే వినిపించలేదు. నాలుగో ప్రశ్నకి, విననివారి కోసం, ప్యోన్ మరోసారి చెప్పాడు. అది విని పై అంతస్తు అవ్వ, పరీక్షకి వెళ్ళేవాళ్ళకి తినిపించే జిగురు తీపి పాకం పట్టుకొచ్చి బెల్లు నొక్కింది.

"ఇప్పుడు కాదు అవ్వా," మల్‌సన్ గుసగుసలాడింది.

"ఇది పళ్ళకంటుకుంటేనే కదమ్మా ఉద్యోగం అంటుకునేది."

ఎవరూ బెల్లు కొట్టవద్దని ప్యోన్ ఐదో ప్రశ్నకి స్పీకరులో గట్టిగా మనవి చేశాడు.

"ఇక పెట్టె సర్దుకో," అన్నాడు తండ్రి. "చేపలకి ఆ కోటు అక్కర్లేదు."

గురువారం సాయంత్రం ఐదింటికి సందేశం వచ్చింది. ఎంపికయ్యారు. గొంతులో నమ్మకం నూటికి తొంభై ఏడు. ప్రత్యేకత, ఎక్కువమందిని ఒకేసారి శాంతపరచగలగడం. ఆరు లోపల ఫోన్ చేసి సొంత గొంతుతో ఒప్పుకోవాలి, లేకపోతే ఉద్యోగం రద్దు.

సోరిన్ ఫోన్ చేసింది. అక్కడా యంత్రమే.

"క్షమించండి. మీ గొంతు సోరిన్ గారి గొంతుతో సరిపోలలేదు. సోరిన్ గారిని పిలవండి."

"నేనేనండీ సోరిన్‌ని."

"సరిపోలలేదు. ఇంకొక్క అవకాశం ఉంది."

"ఎవరైనా మనిషి ఉంటే ఇవ్వండి."

"ఆ సేవ అందుబాటులో లేదు."

ఐదూ యాభై. మల్‌సన్ తొమ్మిది అంతస్తులు దిగి, ప్యోన్‌ని భోజనం ముందునుంచి లాక్కొచ్చింది. అరవై ఒక్కేళ్ళ మనిషి ఆయాసపడుతూ ఫోన్ అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"మనవి. నేను సోరిన్‌ని. ఒప్పుకుంటున్నాను."

"స్వాగతం, సోరిన్ గారూ. సోమవారం ఉదయం తొమ్మిదింటికి పనిలో చేరండి."

ప్యోన్ ఫోన్ తిరిగిస్తూ, "అయితే నేనిక్కడ సెలవు పెట్టాలంటావా అమ్మా?" అని అడిగాడు.

దొరలూ, సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. మీ గుమ్మంలో ఒక కుర్చీ వేయండి, దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టండి. తెలివైనవాడే కానక్కర్లేదు, ఇరవై తొమ్మిదేళ్ళ ఆడపిల్లకీ అరవై ఒక్కేళ్ళ మేనేజరుకీ తేడా తెలిస్తే చాలు.