ఒక్క పూట నాన్న

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. ఉడుతకు పాలు తాగించాలి, జుట్టు నున్నగా దువ్వి ముడి వేయాలి, తొమ్మిదింటికల్లా జిమ్నాస్టిక్స్ హాలుకు చేర్చాలి. ఉడుత అన్నది ఏడేళ్ళ పిల్లకు ఇంట్లో పెట్టుకున్న పేరు. ద్వారబంధానికి అటో కాలు ఇటో కాలు ఆనించి పైదాకా ఎక్కేసే పిల్లకు ఇంకో పేరు అతకదు మరి.

ఇన్నాళ్ళూ ఆ పిల్ల సరదా తరగతికి వెళ్ళింది. అక్కడ వారానికి రెండు రోజులు పిల్లిమొగ్గలు వేయిస్తారు, మెచ్చుకుంటారు, పంపేస్తారు. పోటీల బృందం వేరు. అందులో రోజూ శిక్షణ, ఏడాది తిరిగేసరికి చిన్న పోటీలు, ఆపైన పెద్దవి. ఎనిమిదేళ్ళు నిండితే మాత్రం ఆ బృందంలో కొత్తగా చేర్చుకోరు. ఉడుతకు వచ్చే నెలలో నిండుతాయి. అంటే ఎంపిక జరిగే ఈ ఆదివారం తప్పితే ఇంకో ఆదివారం లేదు. ఈ సంగతి పిల్లకూ తెలుసు. వారం రోజులుగా సోఫా చేతి మీద తప్ప నేల మీద నడవడం లేదు.

ఇంత తేలికైన పథకాన్ని పాడుచేసినవాడు పిల్ల తండ్రి. ఆయన కరెంటు పనివాడు. సీలింగు ఫ్యాను విప్పడానికి స్టూలు కూడా అడగనంత పొడుగు కనుక తోటివాళ్ళు నిచ్చెన అంటారు. కూతురంటే పంచప్రాణాలు. సాయంత్రం ఇంటికి రాగానే పిల్లను రెండు చేతులతో పైకెత్తితే, అది అటక మీద సామానంతా తనిఖీ చేసి, "వదిలేస్తున్నా నాన్నా" అని చెప్పి మరీ ఆయన చేతుల్లో పడేది. హాలు గేటు దగ్గర మాత్రం పిల్లను దింపి స్కూటరు ఆపకుండానే పనికి పోయేవాడు. కాబట్టి లోపలివాళ్ళకు ఆయన హెల్మెట్ తెలుసుగానీ మొహం తెలియదు.

ఆ గేటు దగ్గరే శుక్రవారం నాడు కవలపిల్లల తల్లి ఒకావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఆదివారం మీరే వస్తారా?"

"అవునండీ. తల్లిదండ్రుల్లో ఒకరు తప్పకుండా రావాలన్నారుగా."

"ఎందుకు రమ్మన్నారనుకుంటున్నారు? పెద్ద కోచ్ పిల్లల్ని చూడదండీ, వెనకాల నిలబడ్డ పెద్దవాళ్ళని చూస్తుంది. తండ్రి పొడుగైతే రేపు పిల్లా పొడుగవుతుంది. బార్ మీద ఊగుతుంటే కాళ్ళు నేలకి తగలవూ? పోయినేడు ఒకాయన అచ్చం మీలాగే ఉండేవాడు. పాపం, వాళ్ళ పిల్లని తీసుకోలేదు."

నిచ్చెన అది నమ్మేశాడు. ఆ మాట నిజమా కాదా అని లోపలికి వెళ్ళి ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ పని చేయకుండా నేరుగా బావమరిది దగ్గరికి వెళ్ళాడు.

బావమరిది ఇన్సూరెన్సు ఏజెంటు. మనిషి పొట్టి, మాట పొడుగు. ఆదివారం అతనే తండ్రిగా నిలబడాలన్న ఏర్పాటు వినగానే ఉడుత తల్లికి ఒళ్ళు మండింది.

"మీకేమైనా మతి పోయిందా? నేను పొట్టిదాన్నేగా. అది నా పోలికే అని చెప్పొచ్చుగా!"

"అయితే నువ్వే వెళ్ళు."

"ఆదివారం నాకు ఆసుపత్రిలో డ్యూటీ అని మీకు తెలీదూ? అయినా దానికి నాన్న ఉండగా ఇంకొకణ్ణి నాన్నా అనమంటారా?"

"ఒక్క పూటే అక్కా," అన్నాడు తమ్ముడు. "ఇంతోటి దానికి కొంపలు మునుగుతాయా?"

ఉడుత అంతా శ్రద్ధగా విన్నది. "నాన్న కనబడితే నాన్నా అనకూడదు. మామయ్యని నాన్నా అనాలి. అంతేనా?" అని అడిగింది. అంతే అన్నాడు తండ్రి. చెప్పిన మాట తు.చ. తప్పకుండా వినే పిల్ల అది. అదే తర్వాత అందరి ప్రాణాల మీదికీ తెచ్చింది.

హాల్లో పెద్ద కోచ్ బల్ల వెనక కూర్చుని ఉంది. కుర్చీలోంచి లేవదు, నవ్వదు. చప్పట్లు కొడితే పిల్లలు మొదలుపెట్టాలి, మళ్ళీ కొడితే ఆపాలి. నిచ్చెన బయట కిటికీకి ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఉడుత నేల మీద పల్టీలు కొట్టింది, సన్నటి దూలం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తొణక్కుండా నడిచింది. లోపల బావమరిది కాలరు సర్దుకున్నాడు.

"పిల్ల బాగుంది," అంది పెద్ద కోచ్. "మీరేం చేస్తుంటారు?"

అవునండీ, కాదండీ తప్ప ఇంకేమీ మాట్లాడవద్దని బావగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. కానీ ఏజెంటు నోరు ఊరుకుంటుందా?

"కరెంటు పనండీ! ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో లైటు వెలిగినా నా చేతి చలవే అనుకోండి."

"మంచి మాట చెప్పారు. ఆ బార్ పక్కన గోడకున్న ట్యూబులైటు రెండ్రోజుల్నుంచి కొట్టుకుంటోంది. కాస్త చూస్తారా?"

సొంత ఇంట్లో బల్బు మార్చడానికి కూడా బావగారికి కబురుపెట్టే మనిషి, మెయిన్ బోర్డు మూత తీసి, చేతికందినదల్లా కిందికి నొక్కాడు. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి, సంగీతం మధ్యలో తెగిపోయింది. ఆ మసక వెలుతురులో పిల్లలంతా కెవ్వుమన్నారు. కిటికీ బయట నిచ్చెనకు కన్నకూతురి భవిష్యత్తు ఒకవైపు, వృత్తి మర్యాద ఇంకోవైపు లాగాయి. బావమరిది బోర్డులోకి వేలు పెట్టబోవడం చూశాక ఇక ఆగలేక పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ మీరు?" అంది పెద్ద కోచ్.

"మా హెల్పరండీ," అన్నాడు బావమరిది గబగబా.

హెల్పరు ఒక్క నిమిషంలో కరెంటు తెప్పించి, మునివేళ్ళ మీద లేచి స్క్రూడ్రైవరుతో ట్యూబులైటు సరిచేశాడు. తండ్రి పక్కనే ఉన్నా ఉడుత పెదవి విప్పలేదు. ఒప్పందం ఒప్పందమే.

చివరి అంశం ఎత్తు బార్. ఏటా ఆ రోజున పెద్ద కోచ్ పాటించే పద్ధతి ఒకటుంది. బార్ అందుకునేలా పిల్లను తల్లో తండ్రో పైకెత్తాలి. ఆమె చప్పట్లు కొట్టగానే పిల్ల చేతులు వదిలేయాలి. కింద మెత్తటి పరుపూ ఉంటుంది, కన్నవాళ్ళ చేతులూ ఉంటాయి.

బావమరిది ఉడుతను ఎత్తాడు. బార్ ఇంకా జానెడు దూరంలో ఉంది. ఎగిరి ఎత్తాడు, అందలేదు. పిల్లను దింపి, "బార్ గట్టిదో కాదో చూద్దాం" అని తానే పక్కనున్న పరుపుల దొంతి ఎక్కి గెంతి బార్ పట్టుకుని రెండు ఊపులు ఊగాడు. వదిలేసి రెండు పాదాల మీద నిటారుగా దిగాడు. పిల్లలు ఈలలు వేశారు. పెద్ద కోచ్ కనుబొమ్మ పైకి లేవడం ఆ పొద్దున అదే మొదటిసారి.

"మీ హెల్పరు పొడుగ్గా ఉన్నారుగా, ఆయన్ని ఎత్తమనండి," అంది.

"వద్దండీ, పిల్ల కొత్తవాళ్ళ దగ్గరికి రాదు!"

నిచ్చెన నోరు తెరిచాడు. నేనే దాని తండ్రినండీ అంటే చాలు. రోజూ అటక దాకా ఎత్తే చేతులే, ఇంకో మూరెడు పైకి ఎత్తడం ఎంత పని? కానీ పోయినేటి పొడుగాయన గుర్తుకొచ్చాడు. నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రెండడుగులు తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ ముద్ద దిగదు.

మళ్ళీ ఆ పరుపుల దొంతి మీదే నిలబడి మేనమామ ఎలాగో పిల్లను బార్‌కు అందించి, దొంతి పక్కకు లాగి, చేతులు చాచాడు. చప్పట్లు మోగాయి. ఉడుత వదల్లేదు.

"వదులు తల్లీ, నాన్న ఉన్నాడుగా!" అన్నాడు మేనమామ.

ఉడుత అతన్ని చూసింది. తర్వాత గోడ వారగా నిలబడ్డ పొడుగు మనిషిని చూసింది. పిలవడానికి లేదు, వదలడానికి ధైర్యం లేదు. వేళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ చప్పట్లు మోగాయి. పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయిగానీ, చెయ్యి మాత్రం సడలలేదు.

నిచ్చెన చేతిలోని స్క్రూడ్రైవరు పారేసి బార్ కిందికి ఒక్క అంగలో చేరాడు. "వదిలెయ్ బంగారం, నేనున్నా."

ఉడుత వదిలేసింది. ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో, "ఇప్పుడు నాన్నా అనొచ్చా?" అంది.

అక్కడితో నాటకం ముగిసింది. నిచ్చెన ఉన్నదంతా చెప్పేశాడు. అంతా విని పెద్ద కోచ్ కుర్చీలోంచి లేచింది. లేచి నిలబడితే నిచ్చెన చెవి దాకా ఉంది.

"మా నాన్న మీకంటే పొడుగు," అంది. "మీ ఎత్తు నాకెందుకండీ? వదలగానే పట్టుకునే మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూడ్డానికే రమ్మంటాను. పోయినేటి పిల్లంటారా, వాళ్ళు ఊరు మారి వెళ్ళిపోయారు."

"ఇంకొక్కసారి చేయించండి మేడమ్. ఇప్పుడు వదులుతుంది, మీరే చూశారుగా!"

"చూశాను. కానీ అందరికీ ఒక్కసారే. ఇవాళ ఎంతమంది పిల్లలు ఒక్కసారికే ఏడుస్తూ వెళ్ళారో మీరూ చూశారుగా." ఆమె ఉడుత అరచేతులు తిప్పి చూసి, నెమ్మదిగా నిమిరింది. "అంతసేపు పట్టుకున్న పిల్ల ఇంకొకతి లేదు. కానీ ఇక్కడ మార్కులు వదిలినందుకే."

ఉడుత మళ్ళీ సరదా తరగతికే వెళ్తోంది. అక్కడ దాన్ని బాగానే మెచ్చుకుంటున్నారు. పక్క హాల్లో కవలపిల్లలు రోజూ బార్ మీద ఊగుతుంటే కాసేపు నిలబడి చూసి వస్తుంది. ఇంట్లో అటక మీద ఏదైనా కావాలంటే ఇప్పుడు స్టూలు లాక్కుంటోంది. "నేనెత్తుతానే" అని నిచ్చెన చేతులు చాస్తే, "పర్లేదు నాన్నా, అందుతోంది" అంటుంది. అందదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒక్క మాట అడగనందుకు ఒకసారి, ఒక్క మాట చెప్పనందుకు ఇంకోసారి ఆయన తనను తాను తిట్టుకుంటూ ఆ స్టూలు కాళ్ళు కదలకుండా పట్టుకుని నిలబడతాడు.

పెద్ద కోచ్ నుంచి ఆ ఇంటికి వారం తర్వాత కబురైతే వచ్చింది. పెద్దవాళ్ళ కోసం కొత్తగా పెడుతున్న బృందానికి మేనమామ ఎంపికయ్యాడు.