గోదావరి వైపు గుమ్మడికాయ

"రేడియోల ఎంపికే మానవుడి హేతుబుద్ధికి అసలైన పరీక్ష!" అని ప్రిన్సిపాల్ సూర్యనారాయణమూర్తిగారు కాలేజీ ఇంటర్నెట్ పరికరాల ఎంపిక సంఘం సమావేశంలో ప్రకటించగానే, ఆ పరీక్షలో తాము అప్పుడే నెగ్గేసినట్టు సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. ఫిజిక్స్ లెక్చరర్ కనకవల్లిగారు మాత్రం కొట్టలేదు. ఆ గదిలో రేడియోల గురించి కాస్తోకూస్తో తెలిసింది ఆవిడ ఒక్కరికే కావడం వల్ల, ఆవిడకు భయం వేసింది.

మూర్తిగారు పొన్నమేరక జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాల్ మాత్రమే కాదు, శాస్త్రీయ దృక్పథ వేదికకు మండల అధ్యక్షులు కూడా. పిల్లి ఎదురైతే ఆగకూడదని ఊరూరా ఉపన్యసిస్తారు. నిజంగా పిల్లి ఎదురైన రోజున ఉపన్యాసానికి కొంచెం ఆలస్యంగా వెళతారు.

ఆ ఏడాది ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగు కొత్తగా ఇంటర్నెట్‌లోకి మారింది. లంకల ఆడపిల్లలు తమకు కావలసిన కాలేజీల పేర్లు వరుసగా నింపి పంపాలంటే, పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం పోవాలి. వరద వస్తే పంటు ఆగుతుంది. పంటు ఆగితే సీటు పోతుంది. అందుచేత నరసాపురం నుంచి కాలేజీ మేడ దాకా గాలిలోనే ఇంటర్నెట్ రప్పించాలని కనకవల్లిగారు చాలాకాలంగా పోరుతున్నారు.

"దూరం ఇరవై కిలోమీటర్లండి. మధ్యలో కొండల్లేవు, కొబ్బరి తలలున్నాయి. వాటి పైనుంచి ఒకదాన్నొకటి చూసుకునేలా అటొకటీ ఇటొకటీ మామూలు జాలీ డిష్‌లు పెట్టి, వాటికి మామూలు రేడియోలు తగిలిస్తే చాలు. జాలీలోంచి గాలి దూరిపోతుంది కనక తుఫానుకు కూడా నిలుస్తాయి" అని ఆవిడ వివరించారు.

"జాలీయా?" మూర్తిగారు ముఖం చిట్లించారు. "రాజోలు రోడ్డులో మన పోటీ కాలేజీవాళ్ళది నిండు డిష్ అండి! బస్సులోంచి కనిపిస్తుంది. మనది చిల్లుల గరిటెలా ఉంటే పిల్లల్ని ఎవరు చేరుస్తారండీ?"

రేడియోలు అమ్మే కంపెనీ ఇంజనీరు శరత్‌చంద్ర ఆ అవకాశాన్ని నేల మీద పడనివ్వలేదు. "పెద్దది కూడా ఉందండి. తెల్లది. అందులో నలుగురు కూర్చుని భోంచేయొచ్చు."

"సిగ్నల్ వస్తుందా?" అన్నారు కనకవల్లిగారు.

"అదీ వస్తుందండి."

పెద్దది ఏకగ్రీవంగా ఎంపికైంది!

న్యాయంగా చెప్పాలంటే అది పనిచేసింది కూడా. మేడ మీద గోదావరి వైపు తిరిగి డిష్ నిలబడింది, కింద కంప్యూటర్లో పేజీ తెరుచుకుంది, పేపర్లో ఫొటో పడింది. అయితే ప్రతి కారణానికీ ఒక కార్యం ఉంటుంది. డిష్ పెద్దది కనక అందరికీ కనబడింది. కనబడింది కనక అందరూ చూశారు. అందరూ చూశారు కనక మూర్తిగారి మనసు కుదురుగా లేకుండా పోయింది.

"బస్సు ఆపి మరీ చూస్తున్నార్రా గంగరాజూ!" అన్నారాయన అటెండరును పక్కకు పిలిచి. "ఒక్కో కన్ను ఒక్కోలా ఉంటుంది. నేను నమ్మననుకో. కానీ సిబ్బంది మనోభావాలు గౌరవించాలి కదా!"

"నాకేం మనోభావాల్లేవండి."

"ఉన్నాయిరా! సాయంత్రంలోగా కట్టెయ్."

డిష్ మధ్యలోంచి ఒక కడ్డీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొసన ఒక చిన్న మూతి. గాలిలో వచ్చిన సిగ్నలునంతా డిష్ పోగుచేసి ఆ మూతికి అందిస్తుంది. గంగరాజుకు మాత్రం అది గుమ్మడికాయ కోసం కంపెనీవాళ్ళు ముందుచూపుతో పెట్టిన కొక్కెంలా కనిపించింది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన బూడిద గుమ్మడికాయ ఉట్టిలో కూర్చుని, సరిగ్గా ఆ మూతికి ఎదురుగా వేలాడింది.

మర్నాడు ఇంటర్నెట్ లేదు!

గోదావరికి వరద వచ్చింది, పంటు ఆగింది. అవతలి ఒడ్డునుంచి శరత్‌చంద్ర ఫోనులో మొత్తుకున్నాడు. "ఈ వైపు అంతా బావుందండి. మీ వైపే ఏదో అడ్డం ఉంది. చెట్టేమైనా వాలిందాండి?"

"ఏ అడ్డమూ లేదండి!" అని మూర్తిగారు ఫోను పెట్టేసి, గంగరాజు చెవిలో గొంతు తగ్గించి చెప్పారు. "దిష్టి బలంగా తగిలిందిరా. కాయ సరిపోలేదు. దాన్ని తీసేసి ఇంకా పెద్దది కట్టు."

ఆప్షన్లు పంపడానికి ఆఖరి రోజు రానే వచ్చింది. చేపల వేటకు పోయేవాళ్ళ ఇంటినుంచి చదువుకొచ్చిన సత్యవాణి, ర్యాంకు కార్డు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, పొద్దుటే కాలేజీ వరండాలో నిలబడింది.

"నెట్టు రాకపోతే మా నాన్న నావేసుకుని దాటించేత్తానంటన్నాడండి."

"ఈ వరదలోనా!" అన్నారు కనకవల్లిగారు.

"కాకినాడలో సీటొచ్చే ర్యాంకు కదండీ, ఎలా వదులుకుంటామంటన్నాడండి."

ఆవిడ వెంటనే చీర కుచ్చెళ్ళు ఎగదోపి, మోకాళ్ళ నొప్పులను తిట్టుకుంటూ మేడ నిచ్చెన ఎక్కారు. ఎక్కి, చూసి, అక్కడే కూలబడ్డారు. ఇటువంటి రేడియో తరంగాలను నీరు పీల్చేస్తుంది. బూడిద గుమ్మడికాయ అంటే తొక్క కప్పుకున్న నీళ్ళబిందె!

"సార్, ఆ కాయ తీయించండి" అన్నారు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి.

"ఏ కాయండి?"

"డిష్‌కి కట్టిన కాయ. సిగ్నలంతా అదే తాగేస్తోంది."

"వేదిక అధ్యక్షుడున్న చోట గుమ్మడికాయ ఉండదండి. లేని కాయని తీయమని ఆర్డరు ఎలా వేయమంటారు?"

"అయితే నేనే తీసేస్తాను."

"అమ్మో, తీయకండి!" అని మూర్తిగారు కుర్చీలోంచి లేచిపోయి, మళ్ళీ సర్దుకున్నారు. "అంటే, లేనిదాన్ని మీరెలా తీస్తారూ అని!"

తరంగాలు, నీరు అంటూ చెబితే ఈయన వినరని ఆవిడకు అర్థమైంది. ఎదురు కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నారు.

"మాటవరసకి ఉందనుకుందాం సార్."

"మాటవరసకైతే సరే."

"మన మీద కుళ్ళెవరికి?"

"ఇంకెవరికండీ, ఆ రాజోలు రోడ్డువాళ్ళకి!"

"వాళ్ళు డిష్‌కి వెనకవైపున్నారు. కాయేమో గోదావరి వైపు వేలాడుతోంది. గోదావరికి మన మీద కుళ్ళేముంటుంది సార్? వీపు వైపు కాపలా లేకుండా పోయింది."

మూర్తిగారి ముఖం పాలిపోయింది. "గంగరాజూ!" అన్న కేక వరండా దాటి వీధిలోకి వినిపించింది.

కాయ డిష్ వెనక్కి మారింది. కంప్యూటర్లో పేజీ తెరుచుకుంది. లంకల పిల్లలు ఒకరి తరవాత ఒకరు కూర్చున్నారు. సత్యవాణి వంతు వచ్చింది.

కాయ వెనక్కి మారడం వల్ల ఇంకొకటి కూడా జరిగింది. అది ఇప్పుడు రోడ్డు మీదికి నిక్షేపంగా కనబడుతోంది! సరిగ్గా ఆ సమయానికే, వేదిక జిల్లా కార్యదర్శి శశిభూషణ్‌గారు పొన్నమేరక వారి వైజ్ఞానిక విజయాన్ని కళ్ళారా చూడడానికి అమలాపురం నుంచి వచ్చి గేటు దగ్గర దిగారు.

"అదేంటండీ మూర్తిగారూ, ఆ వేలాడుతున్నది?"

మూర్తిగారు తలెత్తి, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "ఎవరు కట్టారిది! మా సంస్థలో మూఢనమ్మకాలా! గంగరాజూ, కత్తి పట్రా! ఇప్పుడే కోసెయ్!"

గంగరాజు నిచ్చెన ఎక్కాడు. లోపల సత్యవాణి వేలు ఆఖరి బటను మీద ఉంది. పేజీ ఇంకా గుండ్రంగా తిరుగుతోంది.

డిష్ వెనకనుంచి సిగ్నల్ రాదని, అక్కడ కాయ ఉన్నా కాకి వాలినా ఒకటేనని కనకవల్లిగారికి పాఠం చెప్పినంత స్పష్టంగా తెలుసు. అయినా కిటికీలోంచి సగం బయటికి వంగి, ఆవిడ అరిచిన అరుపుకు కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

"ఆగు గంగరాజూ! పిల్లదానిది వెళ్ళేదాకా ముట్టుకోకు! ఎందుకొచ్చిన గొడవ!"

గంగరాజు కత్తి గాలిలోనే ఆగింది. లోపలినుంచి సత్యవాణి గొంతు వినిపించింది. "ఎళ్ళిపోయిందండీ! సేవ్ అయిపోయిందండీ!"

"మీరు కూడానా మేడమ్?" అన్నారు శశిభూషణ్‌గారు.

కనకవల్లిగారు సిగ్గుతో తల లోపలికి లాక్కున్నారు. మూర్తిగారి ముఖం మాత్రం తెల్ల డిష్‌లా విప్పారింది. "విన్నారు కదండీ! ఇది మూఢనమ్మకం కాదు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వారి సాంకేతిక అభిప్రాయం!"

శశిభూషణ్‌గారు అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించారు.

"మేడమ్, మా ఇంటి మీద టీవీ డిష్‌కి ముందువైపు కట్టామండి. అప్పట్నించీ బొమ్మ సరిగ్గా రావడం లేదు. వెనక్కి మార్పించమంటారా?"