మూడు వాటాల సెలవు చీటీలు

ఇంట్లో పిల్లకో పిల్లాడికో పదిహేనేళ్ళు వచ్చాయంటే ముందుగా సమకూర్చుకోవలసింది ట్యూషన్ మాస్టారిని కాదు, బీరువాకు కొత్త తాళాన్నీ కాదు. పక్క వాటాలో వేరే తెగ కుటుంబాన్ని. నన్నడిగితే ప్రతి తల్లికీ ప్రభుత్వమే ఒకదాన్ని కేటాయించాలి. బిడ్డ ఎదురు మాట్లాడితే ఎవరిని అనాలి? తలుపు ధడాలున వేసుకుంటే ఎవరి పెంపకాన్ని ఎత్తిపొడవాలి? సొంత తెగవాళ్ళనే అందామంటే పెళ్ళికీ చావుకీ మళ్ళీ వాళ్ళ మొహమే చూడాలి కదా.

ఈ విషయంలో కెన్యాలోని నకురు పట్నం మొత్తంలో గథోనీ అంత అదృష్టవంతురాలు మరొకరు లేరు. బస్టాండు వెనక ఉన్న మూడంతస్తుల మేడలో మధ్య వాటా ఆమెది. ఆమెది కికుయూ తెగ. కింది వాటాలో అకేయో అనే లువో ఆవిడ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పై వాటాలో హిబో అనే సోమాలీ ఆవిడకు బజారులో బట్టల కొట్టు ఉంది. అంటే నేల నుంచి ఒక తెగ, కప్పు నుంచి ఒక తెగ. నింద వెయ్యడానికి ఇంతకన్నా వసతైన ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

గథోనీది మేకులూ రంగులూ అమ్మే షాపు. భర్త మొంబాసా దారిలో లారీ నడుపుతాడు, నెలకు రెండుసార్లు ఇంట్లో కనిపిస్తాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ముంబి. ఆ పిల్ల అద్దం ముందు గంటసేపు నిలబడితే గథోనీ నేల వైపు చూసి, "ఇది కింది వాళ్ళ షోకు" అనేది. మాటకు మాట అంటిస్తే కప్పు వైపు చూసి, "ఇది పై వాళ్ళ నోరు" అనేది. మెడ కాస్త నొప్పి పుట్టేదేమో గానీ మనసు మాత్రం తేలికగా ఉండేది.

మిగతా ఇద్దరూ తక్కువ తినలేదు. అకేయోకు పదహారేళ్ళ కొడుకు ఓగోలా. దారం ఉండ తెచ్చిపెట్టమంటే "ఎంతిస్తావు?" అంటున్నాడట. "మా వంశంలో ఎవరూ ఇలా బేరం ఆడి ఎరగరు. మధ్య వాటా గాలి తగిలింది" అని అకేయో కుట్టుమిషనుకు చెప్పుకునేది. హిబో కూతురు ఇఫ్రా గదిలో గడియ పెట్టుకోవడం నేర్చింది. "మా ఇళ్ళలో గడియలే ఉండవు. కింది రెండు వాటాలనూ చూసి నేర్చింది" అని హిబో ఊళ్ళో ఉన్న చెల్లెళ్ళందరికీ ఫోన్లు చేసేది.

పెంపకంలో మాత్రం ఎవరి దారి వారిదే. గథోనీ పని చెప్పి పెంచింది. ఊరికే కూర్చుంటే బుర్ర చెడుతుందని ఆమె నమ్మకం. అకేయో ఉపన్యాసాలతో పెంచింది. ఒక కప్పు పగిలితే తాతల కాలం నుంచి మొదలుపెట్టేది. హిబో పిన్నులతో పెంచింది. ఇఫ్రా వీధి మలుపు తిరిగితే చాలు, పదకొండు మంది పిన్నుల్లో ఒకరు తల్లికి ఫోన్ చేసేవారు. మూడు తెగలు, మూడు శాస్త్రాలు. ఫలితం మాత్రం మూడు వాటాల్లోనూ ఒకటే. దిండు కింద ఫోను, తలుపుకు గడియ, ఏమడిగినా "ఏం లేదు" అనే జవాబు.

గథోనీ ఇంకో అడుగు ముందుకు వేసింది. న్యేరి ఊళ్ళో తన తల్లి ఇంటి దగ్గర కఠినమైన హాస్టలు ఒకటి చూసింది. రేకు పెట్టె కొని, దాని మీద తెల్ల రంగుతో కూతురి పేరు కూడా రాయించి, మంచం పక్కన పెట్టింది. ఇంకొక్క తప్పు చేస్తే పెట్టెతో సహా పంపిస్తానంది.

ఆ ఇంకొక్క తప్పు ఒక సోమవారం ఉదయం ఫోన్లో వచ్చింది. స్కూలు నుంచి వైస్ ప్రిన్సిపాల్ మ్వెందె మేడమ్ మూడు వాటాలకూ ఒకే మాట చెప్పింది. "మీ పిల్లలు ఈ టర్ములో తొమ్మిది శుక్రవారాలు క్లాసులో లేరు. ఒకసారి వచ్చి వెళ్ళండి."

ముగ్గురు తల్లులూ ఒకే మటాటు వ్యాను ఎక్కారు. ఒకరు ముందు, ఒకరు మధ్య, ఒకరు వెనక కూర్చున్నారు. ఎక్కేటప్పుడు అకేయో ఉండబట్టలేక అననే అంది. "ముంబి వాళ్ళమ్మా, మా వాడు అమాయకుడు. నువ్వే ఏదో చూసుకోవాలి."

"చూసుకుంటాను లేవమ్మా. ముందు టిక్కెట్టు తీసుకో" అంది గథోనీ.

మేడమ్ గదిలో పిల్లలు ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. బల్ల మీద సెలవు చీటీల కట్ట ఉంది. మ్వెందె మేడమ్ మొహంలో కోపం కన్నా మొహమాటమే ఎక్కువగా కనిపించింది.

"చీటీలన్నీ మీ పేర్లతోనే ఉన్నాయి" అంది. "ఓగోలా వాళ్ళమ్మా, సియాయాలో మీ మరుదులు నలుగురు పోయారటగా?"

"నాకున్నదే ఒక్క మరిది. నిన్ననే ఫోన్ చేశాడు" అంది అకేయో.

"ఇఫ్రా మేనత్త కూతుళ్ళకు అయిదు పెళ్ళిళ్ళయ్యాయట."

"దానికి మేనత్తే లేదు మేడమ్" అంది హిబో.

"ముంబి తాతగారి పొలం తగాదా. న్యేరి కోర్టులో ఆరు వాయిదాలు."

గథోనీ తల అడ్డంగా ఊపింది. ఆమె తండ్రి పొలం కాగితాలు చక్కగా పంచిపెట్టి మరీ పోయాడు.

"మీరు ఇవన్నీ నమ్మారా?" అని అడిగింది హిబో.

మ్వెందె మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఏం చెప్పమంటారు? లువోల చావులు వారాల తరబడి సాగుతాయి కదా అనుకున్నాను. సోమాలీల బంధువులకు లెక్కేముంది అనుకున్నాను. ఇక కికుయూలకు పొలం తగాదా లేదంటేనే నేను అనుమానించేదాన్ని."

తల్లులకు కోపం రావలసిన చోటే ఇది. కానీ తమ తెగ గురించి అన్నదానికి రగిలినంతలో మిగతా రెండు తెగల గురించి అన్నది నిజమే కదా అనిపించి ముగ్గురూ సగంలో ఆగిపోయారు.

"ఎవరి చీటీ వాళ్ళు రాస్తే చేతిరాత పట్టేస్తారని మార్చుకున్నారు" అంటూ మేడమ్ చీటీలు పంచింది. "అకేయో గారి పేరుతో రాసింది ముంబి. హిబో గారి పేరుతో ఓగోలా. గథోనీ గారి పేరుతో ఇఫ్రా."

అకేయో తన పేరుతో ఉన్న చీటీ చదివి విస్తుపోయింది. మరిది చావు గురించి రాయడానికి అతని తాత పుట్టుక నుంచి మొదలైంది. అచ్చం ఆమె గొంతే. "ఈ పిల్లకు నా మాట ఇంత బాగా ఎలా పట్టుబడింది?" అంది, కోపంగా అందామనుకుని మురిసిపోతూ.

"రోజూ మీ మిషను పక్కనే కూర్చుంటాను కదా అత్తా" అంది ముంబి నేల చూపులతో.

రోజూనా? తను షాపు కట్టేసి వచ్చేదాకా కూతురు చదువుకుంటోందనుకుంది గథోనీ.

"ఇంతకీ శుక్రవారాలు ఎక్కడికి పోయారు?" అంది హిబో.

"బస్టాండు దగ్గర చిప్స్ కొట్టు వెనక గదికి. అక్కడికి పిన్నులెవరూ రారు" అన్నాడు ఓగోలా.

"తొమ్మిది వారాలూ చిప్సేనా?"

"ముగ్గురికీ కలిపి ఒకటే ప్లేటు అత్తా. మిగతా టైమంతా మాట్లాడుకున్నాం."

"దేని గురించిరా?"

ఓగోలా మిగతా ఇద్దరి వైపూ చూశాడు. "మీ గురించే."

గథోనీయే ముందు తేరుకుంది. "ఇన్ని అబద్ధాలు నమ్మినవారు మరి చివరికి ఎలా పట్టుకున్నారు మేడమ్?"

మేడమ్ కట్ట అడుగు నుంచి ఒక చీటీ తీసి ఆమె చేతికిచ్చింది. "ఇదిగో, పోయిన శుక్రవారానిది. ఇది చదవగానే దొంగ చీటీ అని తెలిసిపోయింది."

అందులో గథోనీ పేరుతో ఇఫ్రా ఇలా రాసింది. 'మేడమ్ గారికి, ఈ రోజు ముంబిని పంపడం లేదు. తీరిగ్గా కూర్చుని దానితో మాట్లాడి చాలా రోజులైంది. అందుకని షాపు కట్టేసి ఈ పూట ఇద్దరం ఇంట్లోనే ఉంటున్నాం.'

"ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది" అంది మ్వెందె మేడమ్. "ఏ తెగ తల్లీ ఇలాంటి చీటీ రాయగా నేను చూడలేదు."

పిల్లలకు రెండు వారాలు క్లాసు గదులు ఊడ్చే శిక్ష పడింది. తిరుగు ప్రయాణంలో మటాటు కిక్కిరిసి ఉండడంతో ముగ్గురు తల్లులూ ఒకే సీట్లో ఇరుక్కున్నారు.

ఆ సాయంత్రం గథోనీ పెందలాడే షాపు కట్టేసి వచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది. గట్టిగా గొంతు సవరించుకుంది.

"చదువెలా ఉంది?"

"బాగుంది."

"తిన్నావా?"

"తిన్నాను."

తన దగ్గరున్న ప్రశ్నలు రెండేనని గథోనీకి అప్పుడు తెలిసింది. ముంబి రేకు పెట్టె వైపు చూసి, "ఎప్పుడు పంపుతున్నావమ్మా?" అని అడిగింది. ఆ తర్వాత కూడా ఆ పెట్టె న్యేరికి పోనే లేదు. ఇప్పుడది షాపులో ఉంది, రంగు బ్రష్షులు పెట్టుకుంటున్నారు. కానీ ఆ పూట మాత్రం ఆమె చేతకానిదానిలా లేచి, మెట్లు దిగి అకేయో తలుపు తట్టింది.

"అకేయో, మా అమ్మాయి నీతో ఏం మాట్లాడుతుంది?"

అకేయో మిషను ఆపింది. ఎగతాళి చేస్తుందనుకుంది గథోనీ. అకేయో చెప్పులు వేసుకుంది. "చెబుతాను. కానీ మా వాడు రోజూ పై వాటా ఆవిడ కొట్లోనే కూర్చుంటాడట, వాడి సంగతి ఆవిడకే తెలుసు. నేనొక్కదాన్నే వెళ్ళాలంటే సిగ్గుగా ఉంది. పద."

హిబో తలుపు తీసి ఇద్దరినీ చూసి, ఒక్క మాటైనా అడక్కుండా ఏలకుల టీ పెట్టింది. కప్పులు అందించి గథోనీ పక్కన కూర్చుంది. "మా ఇఫ్రా రోజూ మీ షాపులోనే ఉంటుందటగా. లెక్కల్లో ఎందుకు తప్పుతోందో నీకేమైనా చెప్పిందా అక్కా?"

"చెప్పింది" అంది గథోనీ. "మేకుల లెక్క నోటితోనే చెప్పేస్తుంది. దానికి లెక్కలంటే భయం లేదమ్మా. నువ్వంటేనే భయం."

హిబో కప్పు కింద పెట్టింది. గథోనీకి పాపమనిపించి ఇంకేదో అనబోయింది.

"ముంబి కూడా నాతో అదే అంది" అంది అకేయో మెల్లగా. "లెక్కలని కాదు. నువ్వంటే భయమని."

గథోనీ నేల వైపు చూడలేదు, కప్పు వైపూ చూడలేదు. అకేయో తన మాటకు తనే నొచ్చుకుని, ఊరడింపుగా ఒక చిన్న నవ్వు నవ్వింది.

హిబో టీ కెటిల్ అందుకుని ఆమె వైపు తిరిగింది. "నువ్వేం నవ్వకు ఓగోలా వాళ్ళమ్మా. మీ వాడి సంగతి నేనింకా మొదలుపెట్టలేదు."