యోహాను రాకడ, గురు టీవీ అమ్మకం

చిలకవరం లోకల్ ఛానెల్ చేతులు మారినప్పుడల్లా పాత యజమాని హయాంలో ప్రసారమైన వార్తలన్నీ జరగనివైపోతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మకం కాగితాల మీద రెండో సాక్షి సంతకం ఆరిన నిమిషం నుంచి ఇది అమల్లోకి వస్తుంది. ప్రసారం కానివాటికి మాత్రం ఏమీ కాదు. ఊరివాళ్ళు దీన్ని కరెంటు కోతను చూసినట్టే చూస్తారు. ఎప్పుడుంటుందో కనుక్కుంటారు గాని, ఎందుకుంటుందని అడగరు.

ఛానెల్ పెట్టింది వీడియో క్యాసెట్ల షాపు చెంచురామయ్య. తన డాబా మీద డిష్ బిగించి, వీధివీధికీ వైరు లాగించి, దానికి చెంచు విజన్ అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున భక్తి పాటలు, రాత్రికి సినిమా, మధ్యలో ఏడింటికి పావుగంట ఊరి వార్తలు. తెర అడుగున స్క్రోలింగ్ రోజంతా పాకుతూనే ఉండేది: పుట్టినరోజు శుభాకాంక్షలు, పెళ్ళి శుభాకాంక్షలు, శ్రద్ధాంజలులు, తప్పిపోయిన గేదెలు. తొమ్మిదేళ్ళు నడిపాక క్యాసెట్ల కాలం పోయి, ఒంట్లో షుగరు చేరి, ఛానెల్‌ను గ్రానైటు గురవారెడ్డికి అమ్మేశాడు.

అది మొదటి అమ్మకం కాబట్టి ఊరు కొంచెం తడబడింది. చెంచు విజన్ ప్రారంభోత్సవం చూపించిన వాటర్ ట్యాంకు మాయమై, అది ఉన్నచోట నాలుగు గుంతలు మిగిలాయి. స్క్రోలింగ్‌లో శుభాకాంక్షలు అందుకున్న నలభై ఒక్క జంటల పెళ్ళిళ్ళు జరగలేదని తేలింది. ముప్ఫై జంటలు ఆ వారంలోనే మళ్ళీ చేసుకున్నారు. పదకొండు జంటలు ఆలోచించుకోవడానికి గడువు అడిగారు. పుట్టినరోజు వేయించుకున్నవాళ్ళకు ఆ ఏడాది వయసు కలవలేదు. హైస్కూలు హెడ్మాస్టరు ఏటా వేయించుకునే మనిషి కావడంతో ఆయన రిటైర్మెంటు తొమ్మిదేళ్ళు వాయిదా పడింది. మురుగు కాలవలు, దోమలు, ఆస్పత్రిలో డాక్టరు లేకపోవడం ఏనాడూ ప్రసారం కాలేదు కనుక ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మునిసిపాలిటీవాళ్ళు వరండాలో ఒక కౌంటరు తెరిచి, జరగని సంఘటనల నమోదు ఫారం మూడు ప్రతుల్లో తీసుకోవడం మొదలుపెట్టారు.

శ్రద్ధాంజలులు పడినవాళ్ళతోపాటు లైన్‌మన్ యోహాను తిరిగొచ్చింది కూడా అప్పుడే. అంతకు రెండేళ్ళ క్రితం సంతపేట మలుపులో స్తంభమెక్కి కేబుల్ ముడి వేస్తూ, పట్టు జారి పడి చనిపోయాడు. చెంచురామయ్య మంచి మనిషి. ఏడింటి వార్తల్లో రెండు నిమిషాలు చూపించాడు, స్క్రోలింగ్‌లో మూడు రోజులు ఉచితంగా శ్రద్ధాంజలి వేయించాడు. తండ్రి స్థానంలో కూతురు సలోమికి ఉద్యోగమిచ్చాడు. వాళ్ళుండే లూథరుపేటలో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఆమె. బి.ఏ. చదివిన పిల్లను స్తంభమెక్కించడం బాగుండదని, స్క్రోలింగ్ టైపు చేసే కుర్చీలో కూర్చోబెట్టాడు.

గురవారెడ్డి పేరు మీద రిజిస్ట్రేషన్ అయిన రోజు మధ్యాహ్నం యోహాను భుజాన కేబుల్ చుట్టతో ఇంటికొచ్చి, "నిచ్చెన ఎవరు తీశారు?" అని అడిగాడు.

అతని భార్య రూతమ్మ బియ్యం ఏరుతోంది. చేట దించకుండానే మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది.

"రెండేళ్ళ నుంచి ఎవరూ ఎక్కట్లా, తీసేశారు. కాళ్ళు కడుక్కో" అంది.

ఆఫీసులో మాత్రం చిన్న చిక్కు వచ్చింది. తండ్రి పోతే ఇచ్చిన ఉద్యోగం, తండ్రి తిరిగొస్తే చెల్లుతుందా అన్నది ప్రశ్న. మేనేజరు నాలుగు రోజులు ఫైలు తిరగేసి, యోహాను చనిపోవడం ప్రసారమైంది కనుక జరగలేదనీ, సలోమికి ఉద్యోగమివ్వడం ప్రసారం కాలేదు కనుక జరిగిందనీ రాసి సంతకం పెట్టాడు. పేరు గురు టీవీ అయింది. బోర్డు మారింది, కుర్చీ మారలేదు.

ఆ ఫైలు చదివిన రోజే సలోమి ఒక సంగతి గ్రహించింది. నాయన రావడం కూడా ఒక సంఘటనే. అది ఒక్కసారి తెర మీద కనబడిందంటే, మళ్ళీ ఛానెల్ అమ్ముడైన నాడు అదీ జరగనిదవుతుంది. అందుకని పదకొండేళ్ళపాటు తండ్రిని ప్రసారానికి దూరంగా కాపాడుకుంది. క్రిస్మస్ ఆరాధనకు కెమెరా వస్తే యోహాను స్తంభం వెనక నిలబడేవాడు. పెళ్ళి భోజనాల్లో వీడియో లైటు తన బంతి వైపు తిరిగితే విస్తరి పట్టుకుని లేచిపోయేవాడు. పాత స్నేహితులు, "ఏందన్నా, అప్పులోళ్ళేమన్నా వచ్చారా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఒక్క రేషను కార్డు మాత్రం తిరిగి రాలేదు. దానికి బతికే ఉన్నట్టు ధ్రువపత్రం కావాలన్నారు. అది ఇవ్వాలంటే మనిషి ఎప్పటినుంచి బతికున్నాడో రుజువు చూపించాలన్నారు.

గురవారెడ్డి ఛానెల్ అమ్ముతున్నాడన్న మాట, ఎప్పట్లాగే, బస్టాండు టీ కొట్లో మొదలైంది. కొంటున్నది జూనియర్ కాలేజీల పానకాలరావు. ఊళ్ళో ఆవు ఈనినా, వార్డు మెంబరు తుమ్మినా వేసే ఛానెల్, తన అమ్మకం గురించి మాత్రం అప్పుడూ వేయలేదు, ఇప్పుడూ వేయలేదు. వేయకూడదని ఎవరూ చెప్పలేదు. అది మర్యాద.

అమ్మకానికి ముందు వారం ఛానెల్‌కు పండగ. జరిగింది జరగకుండా పోవాలనుకున్నవాళ్ళంతా మెట్ల మీద వరస కట్టారు. ఇంటర్ తప్పినవాళ్ళు మార్కుల లిస్టులు తెచ్చి తమ పేర్లు పెద్ద అక్షరాల్లో వేయమని బతిమాలారు. ఒకాయన తన బామ్మర్ది ఆర్నెల్ల క్రితం చూసిపోదామని వచ్చి ఉండిపోయాడని చెప్పి, ఆ రాకను మూడుసార్లు వేయించాడు. ఎమ్మెల్యేగారి మనిషి ఎన్నికల హామీల జాబితా తెచ్చి, ఒక్కటీ వదలకుండా చదివించి వెళ్ళాడు. మంచి జరిగినవాళ్ళు మాత్రం తలుపులు వేసుకుని, కెమెరా కనబడితే పక్క సందులోకి తిరిగారు.

మంగళవారం సలోమి ఒక పూట సెలవు పెట్టి, తండ్రిని వెంటబెట్టుకుని ధ్రువపత్రం పని మీద తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళింది. ఆ పూట స్క్రోలింగ్ కుర్చీలో మేనేజరే కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే యోహానుతో కలిసి ఏళ్ళ తరబడి స్తంభాలెక్కిన లైన్‌మన్ బాజీ, తోటివాళ్ళ దగ్గర తలా ఇంత చందా వేయించుకుని, ఒక శుభాకాంక్ష తెచ్చిచ్చాడు. ఆమె తిరిగొచ్చేసరికి అది తెర మీద పాకుతోంది. 'చావును గెలిచి వచ్చి పదకొండేళ్ళు పూర్తి చేసుకున్న మా యోహానన్నకు హార్దిక శుభాకాంక్షలు. ఇట్లు, కేబుల్ కార్మికులు.' పక్కన ఫొటో, చుట్టూ గులాబీలు.

"ఏందమ్మాయ్, అట్టా తెల్లబోయావు?" అన్నాడు బాజీ. "ఊళ్ళో కుక్కలక్కూడా పుట్టినరోజులేస్తన్నారు. అన్నకి ఒక్కటి కూడా పడలా ఇన్నేళ్ళల్లో. మాకు సిగ్గుగా ఉండదా?"

అమ్మకం సంగతి అతనికి తట్టనే లేదని సలోమికి అర్థమైంది. సవరణ వేద్దామా అనుకుంది. కానీ ఆ సవరణ కూడా ఈ హయాంలోనే ప్రసారమవుతుంది, అదీ జరగనిదే అవుతుంది. రిజిస్ట్రేషన్ గురువారం పదకొండింటికి. ఆమె నేరుగా గురవారెడ్డి గదిలోకి వెళ్ళింది.

"అయ్యా, ఒక్క నెల ఆపండయ్యా. మా నాయన పోతాడు."

గురవారెడ్డి సానుభూతిగా తలూపాడు. "అర్థమైందమ్మా. కానీ ముహూర్తం పెట్టించారు. పానకాలరావుకి ఆ టైమే కుదిరింది."

"అయినా ఒక నెలలో ఏం చేస్తావు?" అని మళ్ళీ ఆయనే అడిగాడు. సలోమి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. "చూశావా? మీ నాయనకి అలవాటున్న పనే కదా అమ్మాయ్. కొత్తోళ్ళయితే కంగారు పడతారు" అన్నాడు.

ఇంట్లో సంగతి చెబితే యోహాను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. "పోయినసారి తేలిగ్గానే పోయాన్లేమ్మా. ఈసారి నిచ్చెన మోసే పని కూడా లేదు" అన్నాడు.

"పోయేవాడివి ఆ ఫ్యాను బిగించి పో. పదకొండేళ్ళ నుంచి రేపు రేపంటన్నావు" అంది రూతమ్మ. అని, కూర గిన్నె మొత్తం అతని పళ్ళెంలో బోర్లించి లోపలికి పోయింది. చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

బుధవారం యోహాను ఫ్యాను బిగించాడు. సలోమి ఆఫీసులో పాత స్క్రోలింగ్ రిజిస్టర్లన్నీ ముందేసుకుని కూర్చుంది. ప్రసారమైంది ఏదైనా పోతుంది, ఆమె కళ్ళతో చూసిన నియమం అది. పెళ్ళి వేస్తే పెళ్ళి పోయింది. చావు వేస్తే చావు పోయింది. ఇరవై ఏళ్ళలో వేయనిది ఏమైనా మిగిలిందా అని ఒక్కో పేజీ తిప్పింది. సాయంత్రానికి కనబడింది. ఊళ్ళో ప్రతి అమ్మకమూ ఉంది, పొలాలు, ప్లాట్లు, పాడి గేదెలు. ఒక్క ఛానెల్ అమ్మకం లేదు.

గురువారం పది గంటల యాభై నిమిషాలకు ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని టైపు చేసింది. 'ప్రస్తుతం స్థానిక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో మన గురు టీవీ, శ్రీ పానకాలరావు గారికి అమ్మబడుచున్నది. ఉభయులకూ శుభాకాంక్షలు.' గులాబీలు కూడా పెట్టింది.

రిజిస్ట్రారు ఆఫీసులో రెండో సాక్షి సంతకం ఆరింది. ఆ మరుక్షణం కాగితాలు తెల్లగా ఉన్నాయి, పూలదండలు బుట్టలో ఉన్నాయి, అందరూ గేటు దగ్గర నిలబడి ముహూర్తానికి ఇంకా ఎంతుందని అడుగుతున్నారు. లోపలికెళ్ళి మళ్ళీ సంతకాలు చేశారు. మళ్ళీ గేటు దగ్గర తేలారు. మూడోసారి తర్వాత సబ్ రిజిస్ట్రారు కళ్ళజోడు తుడుచుకుని, నియమం ప్రకారం వివరించాడు. అమ్మకం జరిగిన క్షణాన ఈ హయాంలో ప్రసారమైనవన్నీ జరగనివవుతాయి, అందులో ఈ అమ్మకమూ ఉంది, కనుక ఈ హయాం ఇక ముగియదు. "దండలు వాడిపోతాయి, ఇళ్ళకెళ్ళండి" అన్నాడు.

యోహాను ఆ మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నాడు. ఫ్యాను తిరుగుతోంది.

సాయంత్రానికే కథ అడ్డం తిరిగింది. హయాం ముగియదంటే, ప్రసారమైనవన్నీ ఎప్పటికీ జరిగినట్టే. వారమంతా వరస కట్టి వేయించుకున్నవాళ్ళు అదే వరసలో యజమాని కోసం వచ్చారు. ఇంటర్ తప్పినవాళ్ళు తప్పినట్టే ఉన్నారు. బామ్మర్ది మంచం కొత్త నవారుతో బిగించుకున్నాడు. ఎమ్మెల్యేగారి హామీలు కూడా ఉండిపోయాయి గాని, వాటి విషయంలో తేడా ఎవరికీ తెలియలేదు. జనాన్ని చూసి గురవారెడ్డి, "నేను అమ్మేశానుగా" అన్నాడు. పానకాలరావు, "నేను కొననే లేదుగా" అన్నాడు.

సలోమిని ఇద్దరూ విడివిడిగా పిలిపించారు.

"అది వేసింది నువ్వేనా?" అన్నాడు గురవారెడ్డి.

"నేనేనయ్యా."

"ఛానెల్ నాదై ఉంటే ఈ నిమిషంలో తీసేసేవాణ్ణి" అని పంపించేశాడు. పానకాలరావు కూడా ఇంచుమించు ఇదే చెప్పి, ఇంటర్లో నీకెన్ని మార్కులని అదనంగా అడిగాడు.

అప్పటినుంచి ఛానెల్ ఎవరిదో ఎవరికీ తెలియదు. వార్తలు మాత్రం ఏడింటికే వస్తున్నాయి. నెల మొదట్లో జీతం పడుతోంది. సలోమి బల్ల మీద ఫోను రోజుకు మూడుసార్లు మోగుతుంది. ఏది వేయాలో, ఏది వేయొద్దో ఒక గొంతు నెమ్మదిగా చెబుతుంది. మొదట్లో, "ఎవరండీ మాట్లాడేది?" అని అడిగేది. గొంతు మళ్ళీ మొదటినుంచి చెప్పేది. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఏటా కలెక్టరాఫీసుకు ఇచ్చే ఫారంలో యజమాని పేరు దగ్గర ఖాళీ వదిలేసి, ఏమంటారోనని భయపడుతూ తీసుకెళితే, అక్కడి గుమాస్తా దాన్ని కట్టలో పెట్టుకుని, "మిగతా ఛానెళ్ళయీ ఇట్టాగే వస్తన్నాయిలేమ్మా" అన్నాడు.

పోయిన నెలలో బాజీ సంతపేట మలుపులో అదే స్తంభం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వేయమని సలోమి రాసి పెట్టింది గాని, ఫోను వద్దంది. నిన్న సాయంత్రం అతను పిండికట్టు కాలితో, చంక కర్రల మీద యోహానును చూడ్డానికొచ్చాడు. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. ఫ్యాను గాలికి బాజీ చేతిలో టీ చల్లారిపోతోంది. ఆ మధ్యాహ్నం గొంతు చెప్పగా సలోమి టైపు చేసిన వాక్యం తెర అడుగున పాకుతూ వచ్చింది. 'గురు టీవీ సిబ్బందికి ఈ ఏడాది ఎటువంటి ప్రమాదాలూ జరగలేదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.'

బాజీ దాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. తర్వాత తన కాలి వైపు చూసుకున్నాడు.

"ఎవరు వేయమన్నారమ్మాయ్ ఇది?"

"తెలీదు మామా. ఫోనొచ్చింది."

"వేశారుగా మరి. వేసిందే జరిగినట్టు."

"వేశాం."

పదకొండేళ్ళు స్తంభాల వెనక నిలబడ్డ యోహాను, ఇప్పుడు చూసేవాళ్ళెవరూ లేకపోయినా, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. బాజీ టీ గ్లాసు కింద పెట్టి, కర్రలు రెండూ జాగ్రత్తగా గోడకు ఆనించి, చెయ్యి చాపాడు.

"లేపన్నా. డ్యూటీకి టైమయింది."