పొయ్యిలో చక్రాలు

పెళ్లయిన ఇన్నేళ్లలో మామగారు అల్లుడికి కారు తాళం ఇవ్వడం అదే మొదటిసారి. ఆ పొద్దున ఆయనే పిలిచి చేతిలో పెట్టి, "మీ అత్తయ్య కళ్లజోడు బాగుచేసి ఉంచారట, కార్లో వెళ్లి తెచ్చెయ్. నేను బస్సులో మా స్నేహితుడింటికి వెళ్లొస్తా" అన్నారు. ఎవరైనా కారు తలుపు గట్టిగా వేస్తే వాళ్లతో మాట్లాడడం మానేసే మనిషి ఆయన. "నాన్న నమ్మకం నిలబెట్టండి" అని భార్య గేటు దాకా వచ్చి మరీ చెప్పింది.

కళ్లజోళ్ల దుకాణం ముందు ఆపుతుంటే చక్రం కాలిబాట అంచుకి మెత్తగా తగిలింది. అల్లుడు దిగి వంగి చూశాడు. ఎడమవైపు ముందు అల్లాయ్ చక్రం అంచున అరచెయ్యంత గాటు. ఇంత చిన్న దెబ్బకి ఇంత గాటా అని అతనికి తోచలేదు. ఇక ఈ జన్మకి తాళం దక్కదని మాత్రం తోచింది. కళ్లజోడు తీసుకుని జేబులో వేసుకుని, దారి అడిగి అడిగి, చక్రాలు బాగుచేసే షెడ్డు చేరాడు.

మేస్త్రి గాటుని గోరుతో గీకి చూశాడు. "ఇది ఇవాళ్టిది కాదు సార్. లోపల తెల్లగా పొడి కట్టేసింది."

అల్లుడు వినలేదు. అతని కళ్లప్పటికే లోపలున్న మిషను మీద ఉన్నాయి.

మేస్త్రి టైరు విప్పి, రంగు వలిచి, గాటుని కరిగిన లోహంతో పూడ్చి, చక్రాన్ని ఆ మిషనుకి బిగించాడు. చక్రం తిరిగింది. సన్నటి ఉలి తాకీ తాకనట్టు జరుగుతుంటే లోహం వెంట్రుకల్లా చుట్టలు చుట్టలుగా రాలింది, దాని వెనకే వెలుగు పుట్టుకొచ్చింది. అల్లుడు తెరిచిన నోరు మూయలేదు. ఇన్నాళ్లూ ఈ వెలుగంతా ఆ రంగు కిందే ఉందా అనుకుంటే ఒళ్లు జలదరించింది. తానెందుకు వచ్చాడో కాసేపు మరిచిపోయాడు.

ఆ చక్రం పక్కన మిగతా మూడూ మూతి ముడుచుకున్నట్టు కనబడ్డాయి.

"ఒక్కటే మెరిస్తే మా మామగారు ఇట్టే పట్టేస్తారు" అన్నాడు అల్లుడు.

"అయితే మూడూ విప్పెయ్యనా సార్?"

"విప్పెయ్యండి. నేను కూడా మళ్లీ చూస్తాను." అసలు కారణం రెండోదే.

మనిషి ఎంతకీ రాకపోయేసరికి భార్య ఫోన్ చేసింది. మిషను హోరులో అతను "చక్రాలు విప్పేశారు, షెడ్డులో ఉన్నా" అని, ఎక్కడో చెప్పి పెట్టేశాడు. కాసేపటికి అత్తగారు కూతుర్ని వెంటేసుకుని ఆటో దిగారు. కళ్లజోడు లేదు కదా, దిమ్మెల మీద కూర్చున్న కారుని చేత్తో తడిమి చూశారు.

"చక్రాలేవి బాబూ?"

"పొయ్యిలో ఉన్నాయి అత్తయ్యా."

అందులో అబద్ధమేమీ లేదు. పైపూత గట్టిపడాలని మేస్త్రి నాలుగింటినీ గదంత పొయ్యిలో పెట్టాడు. అత్తగారు మాత్రం ఆ ముక్క వినకుండానే భర్తకి ఫోన్ కలిపి, "ఏమండీ, అల్లుడుగారు మీ కారు చక్రాలన్నీ పొయ్యిలో పెట్టించారు" అన్నారు.

చల్లారిన చక్రాలు బిగించి కారు దించేసరికి మామగారు రొప్పుతూ వచ్చారు. అల్లుడి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్న అత్తగారు, "ఇవి మనవేనా?" అని మెల్లగా అడిగారు. అల్లుడు తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మామగారు నేరుగా ఎడమవైపు ముందు చక్రం దగ్గర కూర్చుని బొటనవేలితో అంచంతా తడిమారు. "ఇక్కడి గాటేమైంది?"

"అక్కడ గాటుందని మీకెవరు చెప్పారు?" అన్నారు అత్తగారు.

ఎవరూ చెప్పలేదు. అల్లుడు ఆ మాట ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు. మామగారి బొటనవేలు ఆగిపోయింది.

"పాత గాటని నేను పొద్దున్నే చెప్పాను సార్" అన్నాడు మేస్త్రి.

"మొన్న గేటు దగ్గర ఏదో గీసుకున్న చప్పుడైందంటే పిల్లి అన్నారు కదండీ" అన్నారు అత్తగారు.

తాళం చేతికొచ్చింది నమ్మకంతో కాదని అల్లుడికి అప్పుడు తెలిసింది. కోపం రావలసిందే. కానీ ఆ చక్రంలో మామగారి మొహం, పక్కనే తన మొహం అంత స్పష్టంగా కనబడుతుంటే రాలేదు. మామగారు కూడా చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుని, "కొత్తప్పుడు కూడా ఇలా లేవురా" అన్నారు. తాళం మాత్రం తిరిగి అడగలేదు.

ఆ తర్వాత గేటు దగ్గర పిల్లి చప్పుడు మళ్లీ వినబడలేదు.