గేటు కనపడని ఫొటో

మా లోయలో కొండలు నిన్నమొన్నటిదాకా ఊరికే నిలబడి ఉండేవి!

కొట్లో కదలని సరుకుంటే మూలకి నెట్టేస్తాను. మూడువేల మీటర్ల కదలని సరుకుని ఎక్కడికి నెట్టను? మా తాత ఆ కొండల కేసి చూసి వాన వస్తుందో రాదో చెప్పేవాడు. అంతకుమించి వాటివల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు. వాటికో ఉద్యోగం ఇప్పించినవాడు మెడలో కెమెరాతో వచ్చిన మనిషి. అందుకే ధైర్యంగా రాస్తున్నాను: ఈ కొండల్లోని మా జాతీయ పార్కుని నిలబెడుతున్నది రేంజర్లు కారు, ఫొటోగ్రాఫర్లు!

నవ్వకండి. వ్యాపారస్తుణ్ణి, లాభనష్టాలు చూడకుండా మాట్లాడను.

సరస్సు సంగతే తీసుకోండి. ఒకప్పుడు అందులో ఆవులు నీళ్లు తాగేవి, అంతే. ఇప్పుడు దాని ఒడ్డున ఒక రాయికి మహర్దశ పట్టింది. దాని మీద ఒంటరిగా కూర్చుని, లోకాన్ని వదిలేసినట్టు శిఖరం కేసి చూస్తూ ఫొటో దిగాలి. ఆ ఒంటరితనం కోసం వెనక పెద్ద క్యూ!

"అమ్మాయ్, నీ ఏకాంతం అయిందా? మాకు బస్సు వెళ్లిపోతోంది!" అని వెనకాయన కేకేస్తాడు. ఇంత క్రమశిక్షణ గల ఏకాంతం ఇంకెక్కడైనా దొరుకుతుందా?

ఇక బొరియల్లో ఉండే, ఉడత జాతికి చెందిన మా బొద్దు మార్మోట్లు. గద్ద కనపడితే ఈలవేసి చుట్టాలని హెచ్చరించడం వాటి వృత్తి. ఇప్పుడు డ్రోన్ వచ్చినప్పుడల్లా ఈలే. పిల్ల మార్మోట్లయితే గద్దకి నాలుగు రెక్కలుంటాయనే అనుకుంటున్నాయి. చదువంటే ఇదే కదా!

వాటిని ఫొటో తీసి, "ఎంత ముద్దుగా ఉందో!" అని కరిగిపోతూ దిగివచ్చినవాళ్లు మోకాళ్ల నొప్పులకి నా దగ్గర లేపనం కొంటారు. అది మార్మోట్ కొవ్వుతో చేసింది. డబ్బా మీద దాని బొమ్మ కూడా ఉంటుంది. బొమ్మ చూసి ఇంకోసారి కరుగుతారు. ఒకరి ఆనందానికి అడ్డురావడం నా పద్ధతి కాదు.

వీళ్లందరిలో నాకు గౌరవనీయులు వియన్నా నుంచి వచ్చే ఇంజనీరు నవ్రాటిల్ గారు. మా దేశంలో మనిషి పేరు మరిచిపోయినా క్షమిస్తారు, పేరు ముందుండే పట్టా మరిచిపోతే క్షమించరు. ఈ సెప్టెంబరులో, మందలు కొండ దిగే రోజు పొద్దున్నే ఆయన నా కొట్టుకి వచ్చారు. చేతిలో పోస్టుకార్డుల కట్ట. జులైలో తీసిన ఫొటో అట. ముందు ఒక ఆవు, వెనక సరస్సు, ఆపైన శిఖరం.

"మధ్యలో దిక్కుమాలిన కర్ర గేటొకటి అడ్డం వచ్చిందండీ," అన్నారు. "పీకి అవతల పెట్టాను. ఫ్రేము ఎలా విచ్చుకుందో చూడండి!"

చూశాను. చాలాసేపు చూశాను. ఫొటో బాగుంది. కార్డులు స్టాండులో పెట్టాను.

మందలు దిగే రోజంటే ఏమిటో కాస్త చెప్పాలి. వేసవంతా మా ఎదురింటి బుర్గి ఊరి ఆవులని పైన మేపి, చలి మొదలవగానే దించుకొస్తుంది. మా ఊరి ఏడాది లెక్క ఆవు కొమ్ముల మీద ఉంటుంది. మనిషికీ మందకీ ఏ కీడూ జరగకపోతేనే ముందు నడిచే ఆవుకి పూల కిరీటం, అద్దాలు, రిబ్బన్లు. కెమెరాల వాళ్లకి మాత్రం అది ఏటా జరిగే ఫ్యాన్సీ డ్రెస్ పోటీ.

మధ్యాహ్నానికి బుర్గి మంద వచ్చింది. కొమ్ములు బోసిగా ఉన్నాయి. ఆ రోజు మెడల్లో కట్టే పెద్ద గంటలు కూడా లేవు.

రోడ్డు పొడవునా ఎత్తిపట్టిన కెమెరాలు కిందికి దిగిపోయాయి. ఇంజనీరు గారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "ఇదేమిటండీ? ఇంత దూరం వచ్చాం, పూలేవి? మీ దగ్గర కాగితం పూలుంటాయి కదా, రెండు నిమిషాలు కట్టించండి. నేనే కొంటాను."

కొట్టు పెట్టాక మొదటిసారి, ఉన్న సరుకుని లేదన్నాను.

"ఎవరయ్యా, పూలు కావాలన్నది?" అంటూ బుర్గి ఆగింది. కొండ దిగినా ఆమెకింకా కొండ మీది మాటే. అక్కడ ఇంజనీరైనా బిషప్ అయినా అందరూ 'నువ్వే'. "నష్టం వచ్చిన ఏడు పూలు కట్టం. మా ముందావు పోయింది."

"అయ్యో పాపం!" ఇంజనీరు గారిది మెత్తని మనసు. వెంటనే స్టాండులోంచి ఒక కార్డు తీసి ఇచ్చారు. "ఉంచుకోండమ్మా, నేను తీసిందే, నా కానుక."

బుర్గి కార్డుని దూరంగా పెట్టి చూసింది.

"ఇది మా ముందావు ఫైగలే! చెవి మీద మచ్చ చూడు. బాగా తీశావయ్యా." ఆవు వెనక వేలు పెట్టి, "ఇక్కడ గేటుండాలే?" అంది.

ఇంజనీరు గారు స్టాండులో మిగిలిన కార్డులు సర్దడం మొదలుపెట్టారు.

"ఆ గేటు ఎవరు పీకారా అని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాం. దానికి ముందు నడవడం అలవాటు. దారి కనపడింది, వెళ్లింది, రాళ్లలోకి జారిపోయింది. వెనకవి ఆగిపోయాయి." కార్డుని ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. "ఇది ఉంచుకుంటాలే. దానిది మా దగ్గర ఇంకో ఫొటో లేదు."

మంద కదిలింది.

చూశారా? ఫొటోగ్రాఫర్ల వల్ల మాకేం మేలు జరిగిందని అడిగేవాళ్లు ఇప్పుడేమంటారు?

కనక వచ్చే ఏడూ తప్పకుండా రండి. శిఖరం అక్కడే ఉంటుంది. రాయి మీద మీ వంతు ఏకాంతం మీకుంటుంది. మోకాళ్లకి లేపనం నేనిస్తాను. ఒక్కటే మనవి. గేటు తీస్తే మళ్లీ వేసి వెళ్లండి. ఫ్రేములో అడ్డంగా కనపడినా పరవాలేదు.

గేటు కనపడని ఫొటో మా ఊరికి ఒకటి చాలు.